ఎత్తు చెప్పే గడియారం

మాది హొళగుంద. ఈ పేరు చెప్పగానే కృష్ణా గోదావరి తీరాల మిత్రులు "అది కన్నడ దేశంలో ఉన్నట్టుంది గదా!" అంటారు. అంత దూరం పోనక్కరలేదు. ఆదోనిలో బస్సెక్కితే చాలు. అయితే వారి సందేహంలోనూ కొంత న్యాయం లేకపోలేదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్ళారి జిల్లాలోనివే. ఆ రోజుతోనే మేము కర్నూలు జిల్లావాళ్ళమయ్యాం. ఈనాటికీ మా సంతలో బేరం తెలుగులో మొదలై కన్నడంలో తెగడం కద్దు. మన పాలు వాళ్ళకు హాలు, మన పులి వాళ్ళకు హులి. ఆ మాత్రం తేడాకు మేము భయపడం.

దేవరగట్టు మా మండలంలోదే. విజయదశమి రాత్రి మాళ మల్లేశ్వరస్వామి ఉత్సవంలో కర్రలతో కొట్టుకునే చోటంటే మీకూ గుర్తు వస్తుంది. ఆ ఉత్సవాన్ని 'బన్ని' అంటారు. బన్ని అంటే కన్నడంలో జమ్మిచెట్టు. ఇక గట్టు మాట. కోస్తావారికి గట్టంటే చెరువుగట్టు, కాలువగట్టు. మాకు గట్టంటే కొండే. నేల కాస్త ఉబ్బితే మిట్ట, ఇంకాస్త లేస్తే తిప్ప, బండలు పేర్చినట్టుంటే గుట్ట, రెండు గట్ల నడుమ దారి దొరికితే కనుమ. ఇరవై ఏళ్ళుగా కాలేజీలో తెలుగు చెబుతున్న నాకు ఎత్తంటే ఈ మాటలే. ఫలానా గుట్ట ఎన్ని మీటర్లని ఎవరైనా అడిగితే "ఎక్కితే మీ మోకాళ్ళే చెబుతాయి" అనేవాణ్ణి.

అటువంటి ఇంట్లోకి ఒక గడియారం వచ్చి చేరింది. మా బావమరిది డాలస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. ఎండాకాలం సెలవులకు వచ్చినప్పుడు మేనకోడలి చేతికి ఒక నల్లటి, లావుపాటి గడియారం తొడిగాడు. మా ఆవిడ దాన్ని తిప్పి తిప్పి చూసింది.

"ఇదేమిట్రా, టైము ఓ మూల ఇంత చిన్నగా ఉంది?"

"ఇది ఎత్తు చెబుతుందక్కా."

"ఎవరి ఎత్తు?"

"నువ్వున్న చోటు ఎత్తు."

"నేను వంటింట్లో ఉన్నానని చెప్పడానికి గడియారం కావాలా? ఆ డబ్బుతో పిల్లకు ఓ జత కమ్మలు వచ్చేవి."

ఆ గడియారం ఊరికే రాలేదని తర్వాత తెలిసింది. మేనమామా మేనకోడలూ ముందే కూడబలుక్కున్నారు. మా అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం. డార్జిలింగులో 1954లో నెలకొల్పిన హిమాలయ పర్వతారోహణ సంస్థ ఉంది గదా, టెన్సింగ్ నార్గే శిక్షకుడుగా పనిచేసిన చోటు. అక్కడ 28 రోజుల ప్రాథమిక శిక్షణకు దరఖాస్తు పెడతానంది. దానిమీద ఇంట్లోవాళ్ళ సంతకం కావాలి.

"నిజామాబాదు జిల్లా పిల్ల మాలావత్ పూర్ణ 2014లో ఎవరెస్టు ఎక్కేనాటికి 13 ఏళ్ళే అమ్మా! నాకు 19" అంది అమ్మాయి.

మా ఆవిడ దగ్గర మరో లెక్క ఉంది. 2022 అక్టోబరు 4న ఉత్తరకాశి దగ్గర ద్రౌపది కా దండా శిఖరం మీద మంచుచరియ విరుచుకుపడి, శిక్షణకు వెళ్ళినవారిలో పాతికమందికి పైగా పోయారు. ఆ రోజుల్లో మా ఆవిడ టీవీ ముందు నుంచి లేవలేదు. "ఆ పిల్లల తల్లులు కూడా సంతకాలు పెట్టే ఉంటారు" అంది. ఆ మాటకు అమ్మాయి దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. తెలుగు మాస్టార్లకు అచ్చుసంధి, హల్లుసంధి వచ్చుగాని తల్లీకూతుళ్ళకు సంధి చేసే సూత్రం ఏ వ్యాకరణంలోనూ కనబడదు.

చివరకు మా ఆవిడే ఒక మెట్టు దిగింది. "ఫోను పలకని చోట దారెట్లా తెలుస్తుందో ముందు మన గుట్టల్లో చూపించు. నేనూ వస్తాను. ఆ తర్వాత సంతకం మాట."

అట్లా మూడు ఆదివారాలు మేము హొళగుందలో మకాం పెట్టాం. మా అమ్మ సంతోషానికి మేర లేదు. "ఏమ్మే, ఎద్దులు తప్పిపోయినాయా, గుట్టలెంబడి తిరగను?" అని మనుమరాలిని ఎగతాళి చేస్తూనే మూటనిండా సజ్జరొట్టెలు కట్టి ఇచ్చేది.

అమ్మాయి తెచ్చిన రెండో సామాను పటం. సర్వే ఆఫ్ ఇండియా వారిది, 1:50,000 స్కేలుది. నేల మీద కిలోమీటరు దానిమీద 2 సెంటీమీటర్లు. ఆ పటం నిండా వేలిముద్రలాంటి గోధుమరంగు గీతలు. వాటిని సమోన్నత రేఖలంటారు. ఒక్కొక్క గీత ఒక్కొక్క ఎత్తు. గీతకూ గీతకూ 20 మీటర్లు. ఒకే గీత మీద నడిచినంతసేపూ ఎక్కడమూ లేదు, దిగడమూ లేదు. గీతలు దగ్గర దగ్గరగా ఉంటే నిట్టనిలువు, ఎడంగా ఉంటే ఏటవాలు. చెరువులో నీళ్ళు తగ్గేకొద్దీ గట్టు మీద వరసలుగా తడి చారలు మిగులుతాయి చూడండి, అవే ఇవి. ఈ ఉపమానం నాదే. అమ్మాయి మెచ్చుకుంది. క్లాసులో ఆ భాగ్యం అరుదు.

ఈ పటాల వెనక చాలా నడక ఉంది. 1800లో నిజాము మా ప్రాంతాన్ని కుంపిణీవారికి వదులుకున్నాక, దత్తమండలాలను కొలిపించిన పెద్దమనిషి కాలిన్ మెకంజీ. ఊరూరి చరిత్రలూ శాసనాలూ ఆయనకు సేకరించిపెట్టినవారు ఏలూరు నుంచి వెళ్ళిన కావలి సోదరులు. తెలుగు ఎమ్మే చదివినవారికి ఆ కైఫీయతుల సంగతి తెలుసు. 1802లో మద్రాసు దగ్గర పెద్ద త్రికోణాల సర్వే మొదలుపెట్టిన విలియం లాంబ్టన్ మా పక్కనున్న గుత్తి వద్ద 1811లో ఆధారరేఖ కొలిచాడు. ఒక గీతను గొలుసుతో నేలమీద కొలిచి, తక్కినవన్నీ కొండ నెత్తి నుంచి కొండ నెత్తికి కోణాలు చూసి లెక్కకట్టడం వారి పద్ధతి. అంత నడిచిన మహానుభావులకు మా ఊరి 'ళ' మాత్రం నోరు తిరగలేదు. ఇంగ్లీషు అక్షరాల్లో 'ల'కూ 'ళ'కూ తేడా ఏదీ? పటం మీద పేర్లు చదవడానికి మళ్ళీ మా అమ్మే దిక్కయింది.

ఇక గడియారం సంగతి. గాలికి బరువుంది. పైకి పోయేకొద్దీ మన నెత్తిన ఉన్న గాలి తగ్గుతుంది, దాని ఒత్తిడీ తగ్గుతుంది. మా వేడి సీమలో సుమారు 9 మీటర్లు ఎక్కితే ఒక మిల్లీబారు తగ్గుతుందని చెప్పుకోవచ్చు. గడియారంలో ఉన్న చిన్న బిళ్ళ ఆ ఒత్తిడిని కొలిచి, ఎత్తుగా మార్చి చూపిస్తుంది. ఈ ఆలోచన కొత్తది కాదు. 1643లో ఇటలీలో టొరిసెల్లి పాదరసపు గొట్టంతో గాలి బరువు చూపాడు. ఆ గొట్టాన్ని కొండెక్కిస్తే ఏమవుతుందని ఫ్రాన్సులో పాస్కల్ పండితుడికి తోచింది. ఒంట్లో బాగుండక బావగారిని బతిమాలాడు. ఆ బావగారు పెరియే, 1648 సెప్టెంబరు 19న పుయ్ ద దోమ్ అనే కొండ ఎక్కాడు. శిఖరం మీద పాదరసం 3 అంగుళాలకు పైగా దిగింది. ఆయన బుద్ధికుశలత ఏమంటే, ఇంకో గొట్టాన్ని కొండ కింద ఉంచి, పొద్దంతా దాన్ని చూస్తూ కూర్చోమని ఒక సన్యాసికి అప్పగించి మరీ వెళ్ళాడు. కింద మారకుండా పైన మారితేనే గదా అది కొండ మహిమ! తర్వాత 1844లో పాదరసం లేకుండా లోహపు డబ్బీతో కొలిచే సాధనాన్ని విదీ అనే ఫ్రెంచివాడు తెచ్చాడు. 1962లో స్విస్ కంపెనీ ఫావ్ర్-లూబా దాన్నే చేతి గడియారంలో ఇమిడ్చింది.

మొదటి ఆదివారం మా ఆవిడ మోకాలు నొప్పని గుట్ట కింద చింతచెట్టు నీడన కూర్చుండిపోయింది. అమ్మాయి గడియారం విప్పి తల్లి చేతిలో పెట్టింది. "ఇది నీ దగ్గరే ఉండనీ అమ్మా. గంటగంటకూ ఇందులో అంకె చూసి కాగితం మీద వ్రాయి. నువ్వు మాత్రం ఆ చెట్టు వదలొద్దు." పెరియే దొరగారి సన్యాసి ఉద్యోగం మా ఆవిడకు దక్కింది. మేము దగ్గర్లోనే తిరిగి తిరిగి సాయంత్రం నాలుగింటికి వచ్చేసరికి ఆమె నవ్వలేక నవ్వుతోంది.

"పది గంటల నుంచి ఇక్కణ్ణించి కదల్లేదు. ముప్ఫై మీటర్లు ఎక్కానట! మోకాలు నొప్పి మాత్రం అట్లాగే ఉంది."

నేను గడియారం చెడిపోయిందేమో అనుకున్నాను. అమ్మాయి ఆ కాగితాన్ని గంధం పూసిన శుభలేఖలా పట్టుకుంది. గాలికి కూడా ఆటుపోట్లున్నాయట. మన ఉష్ణమండలంలో దినదినమూ ఉదయం, రాత్రి పదింటి ప్రాంతాల ఒత్తిడి పెరుగుతుంది. తెల్లవారుజామున, సాయంత్రం నాలుగింటి ప్రాంతాల తగ్గుతుంది. పగలు పది నుంచి నాలుగు వరకూ మూడు మిల్లీబార్లు అటూ ఇటూగా పడిపోతుంది. గడియారానికి ఆ సంగతేం తెలుసు? ఒత్తిడి తగ్గింది గనుక యజమాని ఎక్కాడనుకుంటుంది. చలిదేశాల్లో ఈ ఆటుపోటు స్వల్పం. అందుకే ఫ్రెంచి సన్యాసికి పట్టుబడలేదు, మా ఆవిడకు పట్టుబడింది.

ఇంకో చిక్కు ఎండ. ఇటువంటి గడియారాలు సాధారణంగా సముద్రమట్టం దగ్గర 15 డిగ్రీల చల్లటి గాలిని లెక్కలో పెట్టుకొని ఉంటాయి. మా గుట్టల్లో 33 డిగ్రీలుంటే అది చల్లటి రోజు. వేడిగాలి పలచన. అందుచేత నిజంగా 100 మీటర్లు ఎక్కితే గడియారం 93 అనే అంటుంది.

"అయితే ఈ అబద్ధాలకోరును నమ్ముకొని కొండలెక్కుతావా?" అంది తల్లి.

"ఎంత అబద్ధమాడుతుందో తెలిస్తే చాలమ్మా."

మందేమిటంటే, ఎత్తు తెలిసిన చోట కనబడినప్పుడల్లా గడియారాన్ని దిద్దుకోవాలి. చాలా రైలు స్టేషన్లలో పసుపుపచ్చ బోర్డు మీద ఊరి పేరు కింద సముద్రమట్టం నుంచి ఎత్తు వ్రాసి ఉండటం మీరు చూసే ఉంటారు. ఆ అంకె ఎవరికి ఉపయోగమా అని నేను చిన్నప్పటి నుంచీ అనుకునేవాణ్ణి. పటంలోనూ కూడళ్ళ దగ్గర, గుట్టల నెత్తిన అంకెలు అచ్చయి ఉంటాయి. అక్కడికి చేరగానే గడియారాన్ని ఆ అంకెకు తిప్పి, అక్కణ్ణించి కొత్త లెక్క మొదలుపెట్టాలి.

రెండో ఆదివారం మా ఆవిడ మోకాలికి కట్టు కట్టుకొని మాతో ఎక్కింది. తుమ్మచెట్ల మధ్య కాలిబాట. ఎటు చూసినా ఒకే రకం బండలు. ఒకచోట బాట రెండుగా చీలింది. పటం మీద చూస్తే ఈ గుట్ట మీద అటువంటి చీలికలు రెండున్నాయి, ఒకటి కింద, ఒకటి పైన. కింది చీలికలో కుడిబాట కనుమకు పోతుంది; పై చీలికలో కుడిబాట బండల అంచుకు పోయి ఆగిపోతుంది. మేము ఉన్నది ఏ చీలిక దగ్గర?

"ఫోను చూడరాదూ?" అన్నాను.

"చూడొచ్చు నాన్నా. కాని అక్కడ చలికి బ్యాటరీ దిగిపోయిన రోజున చూడటానికి ఇప్పుడు చూడకుండా నేర్చుకోవాలి గదా."

గడియారం చూసింది. కింద కూడలి దగ్గర దిద్దినప్పటి నుంచి 58 మీటర్లు ఎక్కాం. ఎండకు నాలుగు కలిపింది, గడిచిన అరగంటకు రెండు తీసేసింది. అరవై. అంటే సరిగ్గా మూడు గీతలు. పటం మీద మూడో గీత మా బాటను కోసే చోట వేలు పెట్టింది. అక్కడే కింది చీలిక ఉంది. పై చీలిక ఐదో గీత మీద. దిక్సూచి తీసి కుడిబాట పడమరకు తిరిగిందని కూడా సరిచూసింది. "కుడికే" అంది. పావుగంటలో కనుమ వచ్చింది.

ఇందులోని కిటుకు చాలా సులువు. నేను ఈ బాట మీద ఉన్నానంటే ఎక్కడైనా ఉండవచ్చు. ఈ ఎత్తులో ఉన్నానన్నా గుట్ట చుట్టూ ఎక్కడైనా ఉండవచ్చు. రెండూ కలిస్తే ఒక చుక్క మిగులుతుంది. ఇది చూసి మా ఆవిడ ఏమీ అనలేదుగాని, రొట్టెలు పంచేటప్పుడు అమ్మాయికి ఒకటి ఎక్కువ పెట్టింది.

మూడో ఆదివారం దసరా వెళ్ళిన తర్వాత. మా అమ్మాయి మనసంతా ఆ రోజు మీదే ఉంది. గుట్ట నెత్తిన పటంలో ఒక త్రికోణం గుర్తుంది. పూర్వం సర్వేవారు కొలతలకు నిలబడిన చోటది. దాన్ని ముట్టి రావాలని పంతం. మధ్యాహ్నం రెండు దాటింది. నెత్తి మా కళ్ళ ఎదుటే, రెండు గీతల పైన ఉంది. ఒక పెద్ద బండ నీడన అరగంట కూర్చున్నాం. ఎండ కాస్తూనే ఉంది. లేవబోతూ అమ్మాయి గడియారం చూసి ఆగిపోయింది.

"కూర్చున్నచోటే 14 మీటర్లు ఎక్కాం."

"పగలు ఎక్కుతుందన్నావు గదా!" అన్నాను.

అమ్మాయి సంచిలోంచి తల్లి వ్రాసిన కాగితం తీసింది. చింతచెట్టు కింద ఆ రోజు గంటకు ఐదు మీటర్లకు మించి పెరగలేదు. అంటే అరగంటకు రెండు మూడు. ఇప్పుడు 14. "ఇది రోజూ ఉండే ఆటుపోటు కాదు నాన్నా. ఒత్తిడి దబ్బున పడిపోతోంది. వాన వస్తుంది. తడిస్తే ఈ బండలమీద కాలు నిలవదు." నెత్తి వైపు ఒకసారి చూసింది. నలభై మీటర్లు కూడా లేదు. "దిగిపోదాం" అంది.

"ఇంత దగ్గర కొచ్చి..." అన్నది నేను కాదు, మా ఆవిడ!

"రేపు కూడా ఉంటుందమ్మా ఆ గుట్ట."

సగం దిగేసరికి ఒక గొర్రెల కాపరి మందను మళ్ళించుకొని వస్తూ ఎదురయ్యాడు. భుజాన కంబళి, చేతిలో కర్ర. "యాడికి పోయినారు సారూ? గాలి మారిండాది. పాపను బిరీన దింపుకోండి" అన్నాడు. ఆయన చేతికి గడియారం లేదు. నీకెట్లా తెలిసిందని అమ్మాయి అడిగితే, గొర్రెలు మేత మాని తలలు ఒకచోట పెట్టినాయని చెప్పాడు. అమ్మాయి ఆ మాట కూడా కాగితం మీద వ్రాసుకుంది. మేము ఊరి మొదటి ఇల్లు చేరుతుండగా పడమట ఆకాశం నల్లబడింది; తడుముకునే వ్యవధి లేకుండా వాన దబదబా కొట్టింది. వసారాలో నిలబడి చూస్తే మేము కూర్చున్న గుట్టే కనబడలేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర మా ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. చివరకు నాతో మెల్లగా అంది: "ఏమండీ, ఎక్కుతుందని నాకు మొదటి నుంచీ తెలుసు. మొండిది గదా. దిగుతుందో లేదో అదే తెలియక భయపడ్డాను."

నేనొక మాట దాచకుండా చెప్పాలి. ఏ గడియారమూ మంచుచరియను ఆపలేదు. ద్రౌపది కా దండా మీద పోయినవారిలో నేర్పరులైన శిక్షకులూ ఉన్నారు. కొండకు మన నేర్పుతో పనిలేని రోజులుంటాయి. ఆ సంగతి మా ఆవిడకూ తెలుసు, అమ్మాయికీ తెలుసు. సాధనం మనకు అభయం ఇవ్వదు. నిన్న ఎంత తప్పు చెప్పిందో వ్రాసి పెట్టుకుంటే ఈ రోజు ఎంతవరకు నమ్మవచ్చునో చెబుతుంది. ఆ కాగితం పనిమంతురాలు వ్రాసినదై ఉండాలి. మా ఇంట్లో ఆ పని మోకాలి నొప్పితో చింతచెట్టు కింద కూర్చున్న మనిషి చేసింది.

సంతకం అయింది. వేసవిలో ప్రయాణం. పటం అంచున మా అమ్మ చెప్పిన గుట్టల పేర్లన్నీ నేను తెలుగులో, 'ళ'లు 'ళ'లుగానే వ్రాసి ఇచ్చాను. హిమాలయాల్లో వాటితో పనేముందని అడగకుండా అమ్మాయి మడిచి సంచిలో పెట్టుకుంది. మా ఆవిడ మాత్రం ఒకే షరతు పెట్టింది.

"ఎంత ఎత్తు ఎక్కావో నాకు చెప్పనక్కరలేదు. ఏ రోజు ఎక్కడ వెనక్కి తిరిగావో అది మాత్రం వ్రాయి."